యూరప్‌లో ‘చూద్దాం’ చెల్లదు

జర్మనీలో చదువుకుంటున్న విదేశీ విద్యార్థుల్లో 2022-23 శీతాకాలం సెమిస్టర్‌కే మనదేశం వాళ్ళు చైనావాళ్ళను దాటేశారు. నైపుణ్యమున్న భారతీయులకు ఏటా ఇచ్చే వీసాలను 20 వేల నుంచి 90 వేలకు పెంచుతామని 2024 అక్టోబరులో ఆ దేశం ప్రకటించింది. అమెరికా తప్ప మరో ఊసు లేని మన ఇళ్ళలో ఇప్పుడు మ్యూనిక్, ఆమ్‌స్టర్‌డామ్, డబ్లిన్, స్టాక్‌హోమ్ పేర్లు వినిపిస్తున్నాయి.

వెళ్ళేవాళ్ళు ఏం సర్దుకుంటున్నారు? ఆవకాయ, కందిపొడి, చిన్న కుక్కరు, చలికోటు, సర్టిఫికెట్లు. అక్కడి మనుషుల మధ్య ఎలా మసలుకోవాలో మాత్రం ఎవరూ చెప్పి పంపడం లేదు. చెప్పేవాళ్ళు కూడా ఫోర్కు ఏ చేత్తో పట్టుకోవాలి, టై ఎలా కట్టుకోవాలి అన్న దగ్గరే ఆగిపోతున్నారు. ఫోర్కు సరిగా పట్టుకోలేదని ఉద్యోగంలో వెనకబడినవాళ్ళను నేను చూడలేదు. “శుక్రవారానికి అయిపోతుంది” అని మాటిచ్చి, శుక్రవారం సాయంత్రం దాకా నోరు మెదపక, ఆ తరవాత ఎంత కష్టపడినా నమ్మకం తిరిగి రాబట్టుకోలేకపోయినవాళ్ళను చూశాను. అందుకే అక్కడి నుంచే మొదలుపెడదాం.

కానిది కాదని ముందే చెప్పండి

మన దగ్గర పెద్దవాళ్ళ ముఖాన కాదనడం పొగరు కింద లెక్క. కాబట్టి మనకు బోలెడు మెత్తటి మాటలు అలవాటయ్యాయి. “చూద్దాం సార్”, “ప్రయత్నిస్తాను”, “అయిపోతుంది లెండి”. హైదరాబాద్ మేనేజరు ఆ గొంతు విని, ముఖం చూసి, పని అయ్యేలా లేదని ఇట్టే కనిపెట్టేస్తాడు. జర్మన్ మేనేజరుకో డచ్ మేనేజరుకో ఆ అలవాటు లేదు. మీరు ఏమన్నారో అదే అతను రాసుకుంటాడు, దాని మీద తన పై అధికారికి మాటిస్తాడు. అమెరికన్ మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్ 1976లో వచ్చిన ‘బియాండ్ కల్చర్’ పుస్తకంలో ఈ తేడాను విడమరిచి చెప్పాడు. కొన్ని సమాజాల్లో అర్థం చాలావరకు సందర్భంలో దాగి ఉంటుంది. జర్మన్లు, స్కాండినేవియన్లు వంటివారి దగ్గర దాదాపు మొత్తం మాటలోనే ఉంటుంది. మాటలో లేనిదాన్ని వాళ్ళు వెతకరు.

అందువల్ల మెత్తగా చెప్పడం మానేసి, కచ్చితంగా చెప్పడం సాధన చేయండి. “ఈ పని శుక్రవారానికి పూర్తి కాదు. మొదటి భాగం శుక్రవారం ఇస్తాను, మిగతాది వచ్చే బుధవారం. ఫలానా వివరాలు నాకింకా అందలేదు.” ఇంతే. క్షమాపణలు అక్కర్లేదు, సంజాయిషీల చాంతాడు అంతకన్నా అక్కర్లేదు. ఆలస్యం అవుతుందని సోమవారం చెప్పినవాణ్ణి వాళ్ళు బాధ్యత తెలిసినవాడంటారు. అదే మాట శుక్రవారం చెప్పినవాణ్ణి నమ్మడం మానేస్తారు. అర్థం కానప్పుడు “అర్థమైంది” అనడం కూడా ఈ కోవలోదే. మీటింగ్‌లో ప్రశ్న అడిగితే అజ్ఞానం బయటపడుతుందని మనం బడి నుంచీ భయపడుతూ వస్తాం. అక్కడ ప్రశ్న అడగనివాడు పని మీద ఆసక్తి లేనివాడు.

ఇంకో చిక్కు మన తల. పక్కలకు ఆడించే ఆ తల ఊపు మనకు ఎంత హాయిగా అర్థమవుతుందో, వీడియో కాల్‌లో అవతలున్న డెన్మార్క్ మనిషికి అంత అయోమయం. మానుకోమని చెప్పను. దానితోపాటు నోటితో “అవును, చేస్తాను” అనండి చాలు. బల్గేరియాలో అయితే ఇది మరీ ముఖ్యం. అక్కడ తల అడ్డంగా ఆడిస్తే అవునని, పైకి ఎగరేస్తే కాదని. గ్రీసులోనూ గడ్డం పైకెత్తి కనుబొమ్మలు ఎగరేస్తే కాదనే. బల్గేరియా రాజధాని సోఫియాలో దుకాణదారుతోనైనా కస్టమరుతోనైనా తల ఊపులను నమ్ముకుని ఒప్పందాలు చేసుకోకండి. కళ్ళ సంగతి కూడా గుర్తుంచుకోండి. పెద్దాయన మాట్లాడుతుంటే చూపు దించుకోవడం మనకు వినయం. ఇంటర్వ్యూలో అలా చేస్తే ఏదో దాస్తున్నారనుకుంటారు.

మనవాళ్ళను బాగా గాయపరిచేది అక్కడి విమర్శ. జర్మన్ సహోద్యోగి మీ పని చూసి ఉపోద్ఘాతం లేకుండా “ఇది తప్పు” అంటాడు. డచ్ సహోద్యోగి పదిమంది ముందే “ఈ ఆలోచన పనిచేయదు” అంటుంది. రాత్రి నిద్ర పట్టక ఏడ్చిన పిల్లలున్నారు. పొద్దున్న అదే మనిషి నవ్వుతూ కాఫీకి పిలుస్తుంది. ఆమె మీ పనిని తప్పుపట్టింది, మిమ్మల్ని కాదు. ఆ రెంటినీ విడదీసి చూడటం అక్కడ చిన్నప్పటి నుంచే నేర్పుతారు. మీరూ ఆమె పనిలో లోపం చూస్తే అలాగే చెప్పండి, ఏమీ అనుకోదు. ఫ్రెంచివాళ్ళతో మీటింగ్ ఇంకో తీరు. వాదించడం వాళ్ళకు ఇష్టం. మీ ప్రతిపాదనను ముక్కలు ముక్కలుగా పరీక్షిస్తున్నారంటే దాన్ని పట్టించుకున్నారని అర్థం. ఎవరూ ఏమీ అనకుండా ఊరుకుంటేనే కంగారు పడాలి.

ఇంగ్లండ్‌లో మాత్రం ఈ పాఠం తిరగబడుతుంది. అక్కడి మేనేజరు “ఇది ఇంకోసారి చూస్తే బాగుంటుందేమో” అన్నాడంటే మొత్తం మళ్ళీ చేయమని. “ఆసక్తికరంగా ఉంది” అంటే చాలాసార్లు ఒప్పుకోలేదని. తెలుగు ఇంట్లో పెరిగిన చెవికి ఇది కష్టం కాదు. వంకర మాటలో సూటి అర్థం వెతికే మన నేర్పు లండన్‌లో బాగా పనికొస్తుంది.

బాస్‌తో ఎంత దూరం పాటించాలన్నది మరో ప్రశ్న. డచ్ పరిశోధకుడు గేర్ట్ హాఫ్‌స్టెడ్ 1967-73 మధ్య ఐబీఎం ఉద్యోగులపై జరిగిన సర్వేల ఆధారంగా, పై అధికారికీ కింది ఉద్యోగికీ మధ్య ఉండే దూరానికి అంకెలు కట్టాడు. భారత్‌కు 77, ఫ్రాన్స్‌కు 68, జర్మనీకి 35, స్వీడన్‌కు 31, డెన్మార్క్‌కు 18. ఈ అంకెలు పాతవి, ఏ ఒక్క మనిషినీ వీటితో కొలవలేం. దిక్కు మాత్రం చూపిస్తాయి. కోపెన్‌హాగెన్‌లో బాస్ చెప్పేదాకా కూర్చుంటే చొరవ లేదంటారు. పారిస్‌లో బాస్‌ను దాటి పై అధికారికి ఈమెయిల్ పెడితే పెద్ద అపచారం. యూరప్ అంతా ఒకటే అనుకున్నవాళ్ళు ఈ రెండు నగరాల మధ్యే దెబ్బ తింటారు. ఒక్క యూరోపియన్ యూనియన్‌లోనే 27 దేశాలు, 24 అధికార భాషలు ఉన్నాయి.

గడియారం

జర్మనీ, స్విట్జర్లాండ్, నార్డిక్ దేశాల్లో 10 గంటలంటే 9.55. అయిదు నిమిషాలు ఆలస్యమయ్యేలా ఉంటే ముందే ఫోన్ చేయాలి. ఇది చాదస్తం అనిపించేవాళ్ళు ఒక్క సంగతి ఆలోచించాలి. నలుగురు మీకోసం పది నిమిషాలు ఎదురుచూస్తే నలుగురి జీవితంలోంచి పది నిమిషాలు మీరు తీసుకున్నట్టు. వాళ్ళు లెక్కపెట్టేది అదే, గడియారాన్ని కాదు. జర్మనీకి చదువుకోవడానికి వెళ్ళేవాళ్ళకు ఒక చిన్న కిటుకు. విశ్వవిద్యాలయం టైమ్‌టేబుల్‌లో సమయం పక్కన ‘సి.టి.’ అని ఉంటే 10 గంటల క్లాసు 10.15కి మొదలవుతుంది. ‘ఎస్.టి.’ అని ఉంటే సరిగ్గా పదికే. ఇది తెలియక మొదటి పరీక్షకు పావుగంట పోగొట్టుకోకండి.

భోజనానికి ఇంటికి పిలిచినప్పుడు లెక్క మారుతుంది. జర్మన్ల ఇంటికి చెప్పిన వేళకే. ఫ్రెంచివాళ్ళ ఇంటికి పది పదిహేను నిమిషాలు ఆగి వెళ్ళడమే మంచిది, ఇంటావిడకు ఊపిరి తీసుకునే వ్యవధి ఇచ్చినట్టు. స్పెయిన్‌లో మధ్యాహ్న భోజనం రెండు తరవాత, రాత్రి భోజనం తొమ్మిది తరవాత. దీనికి కారణాల్లో గడియారం కూడా ఒకటి. 1940లో ఫ్రాంకో ప్రభుత్వం దేశాన్ని మధ్య యూరప్ కాలమానానికి మార్చింది, సూర్యుడు మాత్రం పాత చోటే ఉన్నాడు. మాడ్రిడ్‌లో ఒంటిగంటకు లంచ్ మీటింగ్ పెట్టి, ఎవరూ రాలేదని బాధపడి లాభం లేదు. భోజనం అయ్యాక బల్ల దగ్గర సాగే కబుర్లలోనే అక్కడ వ్యాపారానికి పునాది పడుతుంది. బిల్లు కోసం తొందరపడకండి.

నెదర్లాండ్స్‌లో స్నేహితుణ్ణి కలవాలన్నా డైరీ చూసుకోవాలి, మూడు వారాల తరవాత తేదీ ఇస్తారు. చెప్పాపెట్టకుండా వెళ్ళి తలుపు తట్టడం దాదాపు యూరప్ అంతటా మొరటుతనమే. ఇది నాకు కష్టంగానే అనిపిస్తుంది. “అటుగా వెళ్తూ ఆగాను” అని వచ్చే చుట్టాన్ని ఇష్టపడే మనిషిని నేను. అయినా వాళ్ళ ఇంట్లో వాళ్ళ పద్ధతే.

సాయంత్రాలు, సెలవులు వాళ్ళకు పవిత్రం. ఫ్రాన్స్‌లో 2017 జనవరి 1 నుంచి పని వేళల తరవాత ఫోన్‌కూ ఈమెయిల్‌కూ జవాబివ్వకుండా ఉండే హక్కు చట్టంలోకి వచ్చింది. పోర్చుగల్ 2021లో ఇంకో అడుగు వేసి, విశ్రాంతి సమయంలో ఉద్యోగిని కదిలించకూడదని యజమానికే బాధ్యత పెట్టింది. రాత్రి పదకొండుకు మెయిల్ పంపి కష్టపడే మనిషినని నిరూపించుకోవాలనుకుంటే, మీకు పని వేళల్లో పని చేయడం రాదని అర్థం చేసుకుంటారు. ఆగస్టు నెలలో ఇటలీ, ఫ్రాన్స్, స్పెయిన్‌లలో సంతకాలు కావాల్సిన పని ఏదీ పెట్టుకోకండి. మనం జెండా ఎగరేసే ఆగస్టు 15న ఇటలీ మొత్తం సముద్రతీరంలోనో కొండల్లోనో ఉంటుంది. స్వీడన్‌లో ఆ నిశ్శబ్దం జులైలోనే వచ్చేస్తుంది.

ఏమని పిలవాలి

నువ్వు, మీరు తేడా తెలిసిన మనకు జర్మన్‌లో, ఫ్రెంచిలో ఉన్న ఆ తేడా కొత్త కాదు. కొత్త విషయం ఏమిటంటే, చనువు మాటకు మారదామని అడిగే హక్కు వయసులోనో హోదాలోనో పెద్దవాళ్ళది. వాళ్ళు అడిగేదాకా జర్మనీలో మగవారికి హెర్, ఆడవారికి ఫ్రావ్ చేర్చి ఇంటిపేరుతోనే పిలవండి. స్టార్టప్‌లలో మొదటి రోజే చనువు మాటకు దిగిపోతారు. బ్యాంకులు, ప్రభుత్వ కార్యాలయాల్లో మాత్రం దిగరు. ఆస్ట్రియాలో పట్టాలకు మరీ విలువ. డాక్టరేట్ ఉన్నవారిని, మాజిస్టర్ పట్టా ఉన్నవారిని ఆ బిరుదుతోనే పిలవాలి, ఉత్తరాల మీదా రాయాలి. ఇటలీలో డిగ్రీ పూర్తయిన ఎవరినైనా డొట్టోరే అంటారు, ఇంజినీరును ఇంజెన్యేరే అంటారు. స్వీడన్ దీనికి పూర్తిగా ఎదురు. 1967లో అక్కడి వైద్య శాఖ అధిపతిగా వచ్చిన బ్రూర్ రెక్సెద్, తన సిబ్బంది అందరినీ పేరుతోనే పిలుస్తాననీ, తననూ అలాగే పిలవమనీ ప్రకటించాడు. అప్పటికే కదులుతున్న మార్పు అక్కడితో ఊపందుకుంది. ఇవాళ రాజకుటుంబాన్ని తప్ప అందరినీ, ప్రధానమంత్రిని కూడా, చనువుగానే పలకరిస్తారు. అక్కడ మాటకోసారి “సర్” అంటే ఎదుటివాళ్ళు ఇబ్బందిపడతారు.

మన పేర్లది వేరే తంటా. ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు తరవాత రాసుకునే అలవాటు మనది. యూరప్‌లో ఇదే పద్ధతి పాటించేవాళ్ళు హంగేరియన్లు. వాళ్ళ దేశంలో సంగీతకారుడు బార్టోక్ బేలా, బార్టోక్ ఇంటిపేరు. మిగతా దేశాల్లో ఏది ఇంటిపేరో, ఏది మీ పేరో తెలియక మీ నాన్నగారి ఊరిపేరుతో మిమ్మల్ని పిలుస్తూ ఉంటారు. మొదటి రోజే తేల్చేయండి. ఈమెయిల్ చివర “నన్ను ఇలా పిలవండి” అని రాయండి. పేరు పొడవైతే కురచ చేసుకోవచ్చు, కానీ మీకు నచ్చిన విధంగానే. నోరు తిరగదని వాళ్ళు పెట్టిన పేరుకు ఒప్పుకోనక్కర్లేదు. ఒకటికి రెండుసార్లు నేర్పితే నేర్చుకుంటారు, నేర్పినందుకు సంతోషిస్తారు కూడా. ఆడవాళ్ళను పెళ్ళైందా లేదా అన్నదాన్ని బట్టి వేరువేరుగా పిలిచే రోజులు పోయాయి. పెళ్ళికాని ఆడవాళ్ళకు వాడే మద్‌మ్వాజెల్ మాటను ఫ్రాన్స్ 2012లో ప్రభుత్వ ఫారాల నుంచి తీసేసింది. జర్మనీలో అదే అర్థమున్న ఫ్రొయ్‌లైన్ అన్న మాటను ఆఫీసుల్లో వాడరు.

ఫ్రాన్స్ వెళ్ళేవాళ్ళకు అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది బోన్‌జూర్. రొట్టెల దుకాణంలోకి అడుగుపెట్టగానే, బస్సు ఎక్కగానే, డాక్టరు దగ్గర వరసలో కూర్చోబోతూ, ఎవరితోనైనా మాట మొదలుపెట్టబోతూ బోన్‌జూర్ అనాలి. ఆ తరవాతే ప్రశ్న. దారి అడుగుతూ తిన్నగా “స్టేషన్ ఎక్కడ?” అంటే ముఖం ముడుచుకుంటారు. పారిస్‌వాళ్ళకు గర్వమెక్కువ అనే ఫిర్యాదుల్లో చాలావరకు ఈ ఒక్క పలకరింపు లేకపోవడం వల్లే వస్తాయని నా గట్టి నమ్మకం.

బల్ల దగ్గర, గుమ్మం దగ్గర

ఎవరైనా ఇంటికి పిలిస్తే పూలు పట్టుకెళ్ళడం చాలా దేశాల్లో మర్యాద. పూలల్లో చామంతి వద్దు. మనం పూజకు దండలు గుచ్చే ఆ పూలను ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్, పోలండ్‌లలో సమాధుల మీద పెడతారు, ముఖ్యంగా నవంబరు మొదట్లో. పోలండ్, రుమేనియా, ఉక్రెయిన్‌లలో పూల లెక్క కూడా చూస్తారు. సరి సంఖ్య అంత్యక్రియలకే, శుభానికి బేసి. నూటపదహార్లు చదివించే మనకు అంకెల్లో శుభాశుభాలుంటాయని కొత్తగా చెప్పాలా? పోలండ్‌లో, రష్యాలో గుమ్మానికి అటు ఒకరు ఇటు ఒకరు నిలబడి చేతులు కలపరు. లోపలికి వచ్చాకే కలపండి. జర్మన్లకు పుట్టినరోజు శుభాకాంక్షలు ఒక్క రోజు ముందు కూడా చెప్పకండి, అపశకునంగా భావిస్తారు. ఆఫీసులో కేకు తెచ్చేది పుట్టినరోజు జరుపుకునేవాళ్ళే, మనం చాక్లెట్లు పంచినట్టు. డచ్ ఇంట్లో అయితే పుట్టినరోజు మనిషికే కాదు, వాళ్ళ అమ్మానాన్నలకూ అక్కచెల్లెళ్ళకూ కూడా వరసగా అభినందనలు చెప్పాలి. ఈ పద్ధతి నాకెంతో ఇష్టం.

చెప్పులు విప్పాలా? స్వీడన్, నార్వే, ఫిన్లాండ్, చెక్ రిపబ్లిక్, పోలండ్‌లలో విప్పాలి. దక్షిణ యూరప్‌లో చాలా ఇళ్ళలో విప్పరు. గుమ్మంలో ఒకసారి అడిగితే సరిపోతుంది.

గ్లాసులు ఎత్తేటప్పుడు జర్మనీలో, స్కాండినేవియాలో ఎదుటివారి కళ్ళలోకి చూడాలి. హంగేరీలో బీరు గ్లాసులు తాకించకపోవడం పాత పద్ధతి. 1849 అక్టోబరు 6న అరాద్ పట్టణంలో 13 మంది హంగేరియన్ సేనానుల్లో కొందరిని ఆస్ట్రియా ఉరితీసి, మిగతావారిని కాల్చి చంపింది. ఆ రోజు ఆస్ట్రియన్లు బీరు గ్లాసులు తాకించి పండగ చేసుకున్నారనీ, అందుకే 150 ఏళ్ళు తాము అలా చేయబోమని హంగేరియన్లు ఒట్టు పెట్టుకున్నారనీ చెప్పుకుంటారు. గడువు 1999లో తీరిపోయినా పెద్దవాళ్ళు ఇప్పటికీ తాకించరు. ఆ కథ తెలిసిన అతిథిని చూస్తే వాళ్ళ ముఖాలు వెలిగిపోతాయి. ఒక దేశం బాధను తెలుసుకుని వెళ్ళడం కన్నా పెద్ద మర్యాద నాకు తెలియదు.

మందు తాగకపోతే తాగనని చెప్పండి. పళ్ళరసం గ్లాసు ఎత్తినా స్నేహం స్నేహమే. మాంసం తినకపోతే, గొడ్డుమాంసమో పందిమాంసమో తినకపోతే ఆ మాట పిలిచిన రోజే చెప్పండి. బల్ల దగ్గర కూర్చున్నాక చెబితే వండినవాళ్ళ కష్టం వృథా అయిపోతుంది. ఫిన్లాండ్‌లో వ్యాపారం పని మీద వెళ్ళినా సౌనాకు, అంటే ఆవిరి స్నానానికి పిలవచ్చు. 56 లక్షల జనాభాకు సుమారు 30 లక్షల సౌనాలున్న దేశం అది. 2020లో యునెస్కో ఆ సంప్రదాయాన్ని తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఆడా మగా సాధారణంగా విడివిడిగానే వెళ్తారు, బట్టలుండవు. మొహమాటమైతే తువ్వాలు చుట్టుకోవచ్చు, రానని కూడా చెప్పొచ్చు. అలాగే ఫిన్లాండ్ మనిషి మాట్లాడకుండా కూర్చుంటే అలిగాడనుకోకండి, ఆ ఖాళీని కబుర్లతో నింపకండి. ఆలోచిస్తున్నాడు, వదిలేయండి. స్వీడన్‌లో పొద్దునా మధ్యాహ్నం జరిగే కాఫీ విరామానికి మాత్రం పని ఉందని ఎగ్గొట్టకండి. అక్కడి ఆఫీసుల్లో నిర్ణయాలకు ముందు జరగాల్సిన మాటలన్నీ ఆ కప్పుల దగ్గరే జరుగుతాయి.

పక్కింటివారి నిశ్శబ్దం

జర్మనీలో ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి. ఆదివారం విశ్రాంతి దినమని 1919 నాటి వైమార్ రాజ్యాంగంలో రాసుకున్న మాటను 1949 రాజ్యాంగంలోనూ నిలబెట్టుకున్నారు. ఆ రోజు గోడకు డ్రిల్ వేయకూడదు, ఖాళీ గాజు సీసాలు వీధి తొట్టిలో పడేయకూడదు. మామూలు రోజుల్లోనూ రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా చప్పుడు చేయకూడదు. దోసెల పిండి శనివారం పగలే రుబ్బుకోండి. స్విట్జర్లాండ్‌లో చాలా భవనాల్లో బట్టలుతికే గది అందరికీ ఒకటే, ఎవరి రోజు ఎప్పుడో పట్టిక ఉంటుంది. ఇంకొకరి రోజున మెషిన్ వాడితే పెద్ద తగవే. బతుకమ్మో ఉగాదో మీ ఇంట్లో చేసుకుంటుంటే రెండు రోజుల ముందు మెట్ల దగ్గర చిన్న కాగితం అంటించండి. పక్కింటివారిని ఫలహారానికి పిలవండి. అలా మొదలైన స్నేహాలు చాలాకాలం నిలుస్తాయి.

జీతమెంత, పెళ్ళెప్పుడు, పిల్లలెందుకు లేరు, ఏ మతం అన్న ప్రశ్నలు వద్దే వద్దు. నార్వేలో ఎవరి ఆదాయం వివరాలైనా పన్నుల శాఖ ఆన్‌లైన్ జాబితాలో వెతికి చూడొచ్చు. అయితే 2014 నుంచి ఎవరు చూశారో ఆ మనిషికి తెలిసిపోతుంది. అలాంటి దేశంలో కూడా ముఖాన జీతం అడగరు. సహోద్యోగుల ఫోన్ నంబర్లను అడగకుండా వాట్సాప్ గ్రూపులో చేర్చడం, వాళ్ళ పిల్లల ఫోటోలు పెట్టడం చేయకండి. 2018 మేలో అమల్లోకి వచ్చిన యూరోపియన్ యూనియన్ డేటా రక్షణ నిబంధనల తరవాత సంస్థల్లో దీన్ని చాలా గట్టిగా పట్టించుకుంటున్నారు.

జాగ్రత్త పడాల్సినవి

గ్రీసులో అయిదు వేళ్ళూ చాచి అరచేయి ఎదుటివారి ముఖం వైపు చూపించడం ఘోరమైన తిట్టు. మనం అయిదు కావాలని చూపించేదీ, ఆగమని చెప్పేదీ అలాగే. చేయి తిప్పి చూపించండి, లేదా నోటితో చెప్పండి.

అంతకన్నా ముఖ్యమైనది స్వస్తిక. కొత్త కారుకు పూజ చేసి పసుపు కుంకుమలతో స్వస్తిక వేయడం మనకు శుభం. నాజీల గుర్తును బహిరంగంగా ప్రదర్శిస్తే జర్మన్ శిక్షాస్మృతిలోని 86ఏ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు లేదా జరిమానా. ఆస్ట్రియాలోనూ కఠినమైన చట్టముంది. మన పవిత్ర చిహ్నం వేరు, వాళ్ళను వెంటాడే గుర్తు వేరు. కానీ వీధిలో నిలిపిన కారును చూసే మనిషికి ఆ తేడా ఎవరు చెబుతారు? ఆ గుర్తు కింద కుటుంబాలకు కుటుంబాలను పోగొట్టుకున్నవాళ్ళు ఆ వీధిలోనే నడుస్తుంటారు. పూజగదిలో ఉంచుకోండి. కారు మీద, వీధి తలుపు మీద ఓంకారం రాసుకోండి.

దక్షిణాదివాళ్ళందరినీ మదరాసీలని పిలిచిన రోజుల్లో మనకెలా ఉండేదో గుర్తుందిగా? స్కాట్లాండ్ మనిషిని ఇంగ్లిష్‌వాడన్నా, చెక్ మనిషి దేశాన్ని తూర్పు యూరప్ అన్నా అలాగే ఉంటుంది. బెల్జియంలో డచ్ మాట్లాడే ప్రాంతంలో ఫ్రెంచితో మాట మొదలుపెట్టకండి, ఇంగ్లిష్ మేలు. ఉత్తర ఐర్లాండ్, కాటలోనియా రాజకీయాల మీద వాళ్ళు చెబితే వినండి, మీ అభిప్రాయం అడిగేదాకా ఆగండి.

ఇవన్నీ కంఠస్థం చేసి వెళ్ళనవసరం లేదు. మొదటి వారంలోనే అక్కడి సహోద్యోగి ఒకరిని కాఫీకి పిలిచి, “ఇక్కడ కొత్తగా వచ్చినవాళ్ళు తెలియక చేసే పొరపాట్లేమిటి?” అని అడగండి. ఈ ప్రశ్నకు చిరాకుపడే మనిషి ఉండడు. ఇప్పటికే అక్కడ స్థిరపడిన తెలుగువాళ్ళకు ఒక విన్నపం. కొత్తగా దిగిన పిల్లలకు ఇండియన్ స్టోరు ఎక్కడుందో, చవక గది ఎక్కడ దొరుకుతుందో ఎంతో ప్రేమగా చెబుతున్నారు. ఆఫీసులో కాదని ఎలా చెప్పాలో, పక్కింటివారితో ఎలా ఉండాలో కూడా ఓ గంట కూర్చోబెట్టి చెప్పండి.